స్టే వచ్చాక కూడా ఎమర్జెన్సీ ఎందుకు? చిక్కు ఇక్కడుంది

ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదన్న తీర్పుపై సుప్రీంకోర్టు స్టే (అమలు నిలుపుదల) ఇచ్చాక కూడా ఆమె ఎమర్జెన్సీ ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు మీ గ్రూప్-1 జవాబు ఆగిపోవడానికి కారణం, 1975 జూన్ 24న వచ్చిన ఆ స్టేను పూర్తి స్టే అనుకోవడం. అది షరతులతో కూడిన స్టే. దాదాపు అందరూ ఇక్కడే తప్పుతారు.

1. జూన్ 12: రాయ్‌బరేలీలో 1971 నాటి ఇందిరా గాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు. ఆరేళ్ల అనర్హత. అదే రోజు గుజరాత్ ఫలితాల్లో కాంగ్రెస్‌కు ఎదురుదెబ్బ. ఇది తప్పక రాయండి, చాలామంది వదిలేస్తారు.

2. జూన్ 24: జస్టిస్ కృష్ణయ్యర్ ఉత్తర్వును నిదానంగా చదవండి. ప్రధానిగా కొనసాగవచ్చు, సభలో మాట్లాడవచ్చు. కానీ ఎంపీగా ఓటు వేయకూడదు, జీతం తీసుకోకూడదు. అంటే కుర్చీ ఉంది, ఓటు లేదు. రాజీనామా డిమాండ్‌కు బలం వచ్చింది ఇందువల్లే.

3. జూన్ 25: సాయంత్రం రామ్‌లీలా మైదానంలో ప్రతిపక్ష ఉద్యమ నేత జేపీ (జయప్రకాశ్ నారాయణ్) సభ, రాత్రి ఎమర్జెన్సీ ప్రకటనపై రాష్ట్రపతి సంతకం. కేబినెట్ ఆమోదం మర్నాడు ఉదయం! నా దృష్టిలో జవాబుకు ప్రాణం ఈ వరుసే.

4. తర్వాత ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచి తప్పించిన 39వ రాజ్యాంగ సవరణ, నవంబర్‌లో ఆమె ఎన్నికను సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పు. ఒక్క వాక్యం చాలు.

ఇక 1977 లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ పతనాన్ని "దేశమంతా ఓడించింది" అని రాయకండి, మార్కులు పోతాయి. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, రాయ్‌బరేలీలో ఆమే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కి 41 కాంగ్రెస్‌వే. మిగిలిన ఒక్కటి నంద్యాల, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచింది. 1980లో ఇందిర రాయ్‌బరేలీతో పాటు మెదక్ నుంచి కూడా గెలిచి ఆ సీటే ఉంచుకున్నారని చేర్చండి.