నాలుగు చోట్ల పనిచేసిన ఐటీఐ అబ్బాయి: సొంత పని దేనితో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా వాడికి 26 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాక చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో ఏడాది, ఒంగోలులో మోటార్ రివైండింగ్ (కాలిన మోటారుకు తీగ మళ్లీ చుట్టడం) షాపులో రెండేళ్లు, వాళ్ల మామ దగ్గర కొన్నాళ్లు వెల్డింగ్, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద ఏడాదిన్నర చేశాడు. ఇంట్లో ఉంటే పాత ఆంప్లిఫయర్లు విప్పుకుని కూర్చుంటాడు. కుదురు లేని మనిషని చుట్టాలంటున్నారు. ఇప్పుడు ఒంగోలులో షాపు పెడతానంటున్నాడు. నేను నాలుగు లక్షల దాకా సర్దగలను. పెట్టించమంటారా, గల్ఫ్ పంపమంటారా, గవర్నమెంటు ఉద్యోగానికి చదివించమంటారా?

జవాబు: అయ్యా, మీ అబ్బాయి చోట్లు మారాడు గానీ పని పెద్దగా మారలేదు. త్రీఫేజ్ మోటారు, దానికి తగిలించిన గేర్‌బాక్సు, ఆ రెంటినీ మోసే ఇనుము. ఎక్కడికెళ్లినా వాటి చుట్టూనే తిరిగాడు. ఈ మూడూ ఒకే మనిషికి తెలిసి ఉండటం మీ తీరంలో ఒకరికి బాగా అవసరం. ఆయన రొయ్యల రైతు. గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే ఇప్పుడు రైతు రివైండింగుకు ఒకచోటికి, గేర్‌బాక్సుకు ఇంకోచోటికి, విరిగిన ఫ్రేముకు వెల్డింగ్ షాపుకు తిరుగుతున్నాడు. మీ వాడు అమ్మాల్సింది ఆ తిరుగుడు తప్పించడమే.

కాబట్టి సొంత పని పెట్టించండి. ఒంగోలులో షాపు మాత్రం వద్దు. మెయిన్ రోడ్డు అడ్వాన్సుకే మీ డబ్బులో సగం పోతుంది, పైగా గిరాకీ ఉన్నది గుంటల దగ్గర. ఇంటి పక్కన రేకుల షెడ్డు, ఒక బండి, బండి మీద పనిముట్ల పెట్టె చాలు. జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్ పడితే రాయనివ్వండి, దానికోసం ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. గల్ఫ్ దారి ఇక్కడ గిరాకీ లేనివాళ్లకు, మీ వాడికి ఇప్పుడు అక్కర్లేదు.

‘ఇచ్చట అన్ని పనులూ చేయబడును’ అని బోర్డు రాయించొద్దు. చేతిలో నాలుగు పనులున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ఒకరోజు గేటు వెల్డింగు, మర్నాడు ఫ్యాను, ఆ తర్వాత మిక్సీ. ఏ పనికీ సామాను పూర్తిగా ఉండదు, ఏ రేటూ ఖాయం కాదు, ఎవరికీ వెంటనే గుర్తురాడు. ‘ఏరియేటర్ సర్వీసు, మోటార్ రివైండింగ్’ అని రెండే ముక్కలు రాయించండి. మిగతా పనులు ఆ రెంటి కిందకే వస్తాయి.

మొదటి పెట్టుబడి అద్దె మోటార్ల మీద పెట్టమనండి. 2 హెచ్‌పీ ఏరియేటర్ మోటార్లు రెండు పాతవి కొని, రివైండింగ్ చేసి, కొత్త బేరింగులు వేసి సిద్ధంగా ఉంచాలి. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రైతు ఫోను రాత్రి రెండింటికి వచ్చేది అందుకే. అప్పుడు కాలిన మోటారు దించి, తన మోటారు ఎక్కించి, ఏరియేటరు తిప్పించి రావాలి. రివైండింగ్ మర్నాడు తాపీగా చేసుకోవచ్చు. రైతుకు కావలసింది ఆ రాత్రి నీళ్లు కదలడం. రాత్రి పనికి రేటు వేరని ముందే చెప్పాలి, మొహమాటం పనికిరాదు.

ఈ పనిలో పేరు తెచ్చేది కాలిన మోటారు చూసి ఎందుకు కాలిందో చెప్పగలగడం. ఏరియేటర్ మోటార్లలో ఎక్కువ భాగం స్టార్ కనెక్షన్‌తో, అంటే మూడు ఫేజుల కాయిల్స్ చివరలు ఒకచోట కలిపి, వస్తాయి. ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడి, మూడో ఫేజువి కొత్తవాటిలా ఉంటే అది సింగిల్ ఫేజింగే, అంటే ఒక ఫేజు లేకుండా తిరిగిందన్నమాట. మూడూ ఒకేలా మాడితే ఓవర్‌లోడు, లో వోల్టేజీ, లేదా గేర్‌బాక్సు బిగుసుకుపోవడం. ఒక్కచోటే మచ్చలా కాలితే ఇన్సులేషన్ దెబ్బతింది, నీళ్లు దిగాయేమో చూడాలి. ఇది చూడకుండా రివైండింగ్ చేసి బిగిస్తే పది రోజుల్లో మళ్లీ కాలుతుంది, నింద మీ వాడి మీద పడుతుంది.

అసలు మూలం చాలాసార్లు స్టార్టర్ పెట్టెలో ఉంటుంది. ఖర్చు కలిసొస్తుందని నాలుగు ఏరియేటర్లకు ఒకే స్టార్టరు పెడతారు. 2 హెచ్‌పీ మోటారు ఒక్కోటి 3.2 ఆంపులు లాగుతుందనుకుంటే ఎక్కువ కరెంటు లాగితే ఆపే రిలే 13 ఆంపుల దగ్గర ఉంటుంది. ఉప్పునీటికి ఒక మోటారు కేబుల్ జాయింటు తుప్పుపట్టి ఫేజు తెగితే ఆ మోటారు 5.5 లాగుతుంది, మొత్తం 15 దాటుతుంది. అంత చిన్న తేడాకు రిలే వెంటనే పడదు. ఊరికే ట్రిప్పవుతోందని ఎవరో రిలేను ఆఖరుకు తిప్పి ఉంటే అసలు పడదు. ఫేజు పోతే ఆపడానికి పెట్టెలో పెట్టిన, వోల్టేజీ చూసే రకం ప్రివెంటరుకు కూడా ఇది కనపడదు, ఎందుకంటే తెగింది దాని తర్వాత. మోటారుకో రిలే పెట్టి, నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపులకు సెట్ చేయడం దీనికి మందు. కొన్ని గుంటల దగ్గర ఇది సరిచేసి చూపిస్తే చాలు, పక్క రైతులు వాళ్లంతట వాళ్లే పిలుస్తారు.

రివైండింగ్ షాపులో చేశాడు కాబట్టి పాత తీగ కోసే ముందు చుట్ల లెక్క, పిచ్ (కాయిల్ ఎన్ని గాడుల మీదుగా వెళ్లిందో), కనెక్షన్ రాసుకోవడం, గేజిని (తీగ మందాన్ని) మైక్రోమీటరుతో కొలవడం అతనికి తెలిసే ఉంటుంది. ఒక్కటి గట్టిగా చెప్పండి: కాయిల్స్ తేలిగ్గా రావాలని స్టేటరును (కాయిల్స్ ఉండే, తిరగని భాగాన్ని) మంటలో వేయకూడదు. కోర్ రేకుల మధ్య ఉండే ఇన్సులేషన్ మాడిపోతుంది. తర్వాత ఎంత మంచి తీగ చుట్టినా మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. గేర్‌బాక్సులో ఆయిలు పాలలా తెల్లబడితే సీలు పోయి నీళ్లు దిగాయని అర్థం. ఆయిలు మార్చి ఊరుకుంటే సరిపోదు, సీలూ బేరింగులూ మార్చాలి. గుంట నుంచి తెచ్చిన ప్రతి మోటారునూ 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) చూడాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆరబెట్టి మళ్లీ చూడకుండా కరెంటు ఇవ్వకూడదు.

షాకు విషయంలో రైతు వద్దన్నా వినకూడదు. మనుషులు నీళ్లలో దిగే చోటు అది. ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. అది ఊరికే పడుతోందని రైతులు తీసేయిస్తారు. తడిసిన మోటార్లన్నిటి లీకేజీ ఒకచోట కలిసి దాన్ని పడేస్తుంది. గుంటంతటికీ ఒకటి కాకుండా రెండు మోటార్లకు ఒకటి పెడితే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

డబ్బు లెక్క. క్లాంప్ మీటరు, మెగ్గరు, బేరింగ్ పుల్లర్లు, మైక్రోమీటరు, కౌంటరున్న చుట్టే మిషను, చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను అన్నీ కలిపి 30 వేల నుంచి 40 వేల లోపు అవుతాయి. అద్దె మోటార్లు, తీగ, వార్నిషు, సీళ్లు, బేరింగుల నిల్వకు ఇంకో 60 వేలు. మొత్తం లక్ష దాటనివ్వకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచండి. మిగిలింది ఇప్పుడే అతని చేతికివ్వకండి.

అసలు గండం అరువు. వెన్నామీ రొయ్యల పంట మూడు నాలుగు నెలలు, రైతు చేతికి డబ్బు రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున వస్తుంది. రొయ్యలను చంపే వైట్ స్పాట్ తెగులు తగిలితే ఆ రోజే రాదు. అందుకని సామాను డబ్బు వెంటనే తీసుకోవాలి, కూలి మాత్రం పట్టుబడి దాకా ఆగొచ్చు, అదీ ఒక రైతు దగ్గర ఐదు వేలు మించకుండా. ఏ ఊళ్లో అయినా ఇలాంటి షాపులు ఎక్కువగా మూతపడేది పని రాక కాదు, బాకీలు రాక.

రేటు పక్కవాణ్ని చూసి కాకుండా ఇంటి ఖర్చు చూసి కట్టమనండి. ఉదాహరణకు ఇంటికి 15 వేలు, పెట్రోలుకు 4 వేలు, పనిముట్ల అరుగుదలకు 3 వేలు, అప్పు కిస్తు ఉంటే 5 వేలు అనుకుంటే నెలకు 27 వేలు. డబ్బొచ్చే పని రోజులు నెలకు 18 మించవు, మిగతావి తిరగడానికీ సామాను తేవడానికీ పోతాయి. అంటే పని దొరికిన రోజున సామాను పోను 1,500 మిగలాలి. ఈ లెక్క గోడకు అంటించుకుంటే బేరంలో నోరు తడబడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకూ వాయుగుండాలకూ చాలామంది గుంటలు ఆరబెడతారు. అది ఖాళీ కాలం కాదు. ఒడ్డుకు తెచ్చిన ఏరియేటర్లన్నీ ఆయిలు, సీళ్లు, బేరింగులు మార్పించుకోవాల్సింది అప్పుడే. ఒక్కోదానికి ఇంతని ముందే మాట్లాడుకుంటే ఆ మూడు నెలలూ గడుస్తాయి. కనిగిరి వైపు బోరు మోటార్లు అదనం.

ఆంప్లిఫయర్లు మాన్పించొద్దు. సోల్డరింగ్ చేయి తిరిగినవాడు ఫోనుతో నడిపే మొబైల్ స్టార్టరు బోర్డులనూ టైమర్లనూ బాగుచేయగలడు. మామూలు మోటారు మెకానిక్కులు వాటిని ముట్టుకోరు. తిరునాళ్లకు సౌండు సెట్లు అద్దెకిచ్చే ఆలోచన చేస్తే మాత్రం రెండేళ్లు ఆగమనండి, అది వేరే పెట్టుబడి.

కాగితాల పని. పాత యజమానుల దగ్గర అనుభవ పత్రాలు ఇప్పుడే రాయించుకోవాలి, ఏడాది గడిస్తే ఎవరూ ఇవ్వరు. కొత్తగా లైను లాగడం, ప్యానెల్ బిగించడం లైసెన్సున్న కాంట్రాక్టరు కిందే చేయాలి, కాబట్టి వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టించండి. చిన్న వ్యాపారాల ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్‌తో అయిపోతుంది, దానికి ఎవరికీ డబ్బివ్వకండి. చేతివృత్తులవాళ్ల విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ లేదు, అక్కడ తిరగొద్దు. చిన్న వ్యాపారాల అప్పుల పథకం ముద్రలో శిశు రుణం 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా పూచీ లేకుండా వస్తుంది. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో పల్లెల్లో జనరల్ వాళ్లకు 25 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ నిబంధన ఉంది, అయితే అది కొత్తగా పెట్టే యూనిట్లకే. ముందు ముద్ర తీసుకుని షాపు తెరిచి, తర్వాత దీనికి వెళితే కుదరదు. అందుకే మొదటి రూపాయి ఖర్చు పెట్టకముందే ఒంగోలు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఎక్కువ అప్పు చేయించొద్దు.

ఒక నోటుబుక్కు కొనివ్వండి. రైతు పేరు, మోటారు హెచ్‌పీ, కాలిన కారణం, చుట్ల లెక్క, గేజి, తీసుకున్నది, రావలసింది అని గళ్లు గీయించండి. నేమ్‌ప్లేటు ఫోటో ఫోనులో ఉంచుకోవాలి. ఆరు నెలలకు ఆ పుస్తకం మీరిద్దరూ కూర్చుని చూడండి. ఒకే రైతు రెండోసారి పిలిచిన పనులు సగానికి పైగా ఉంటే మిగతా డబ్బు ఇవ్వొచ్చు. లేకపోతే లోపం రేటులో ఉందో పనిలో ఉందో ఆ గళ్లలోనే దొరుకుతుంది.