55 అంగుళాల టీవీ కోసం యాప్‌లో అప్పా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుని. జీతం 28 వేలు. అమ్మతో కలిపి ఇంట్లో నలుగురం, నెల ఖర్చు 22 వేలు. మా 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో తెలుగు చానళ్లు మసకగా వస్తున్నాయి. షోరూమ్‌లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ 21 వేలు, 55 అంగుళాల 4కె 42 వేలు చెప్పారు. 4కెకి 10 వేలు ముందు కట్టి, నెలకు 4 వేల చొప్పున ఎనిమిది నెలలు నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) అన్నారు. బ్యాంకులో ఉన్న 14 వేలు అవసరానికి ఉంచుకుని, ఆ 10 వేలు లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. ఏ రిజల్యూషన్ మంచిది?

జవాబు: ముందుగా యాప్ సంగతి. తీసుకోకండి. మీరు పంపిన వివరాల ప్రకారం 10 వేలకు దరఖాస్తు చేస్తే ఫీజు పోను చేతికొచ్చేది 9,200. తిరిగి కట్టేది 3,700 చొప్పున మూడు నెలలు, అంటే 11,100. ఇది నెలకు దాదాపు 10 శాతం వడ్డీ, ఏడాది లెక్కన 120 శాతం! లెక్కలు రాసే ఉద్యోగంలో ఉండి కూడా ఈ లెక్క వేసుకోలేదంటే బాధగా ఉంది. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి, అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను. నెలకు ఎంత కట్టాలన్నదే చూస్తున్నారు, మొత్తం ఎంత పోతోందో చూడటం లేదు.

నో కాస్ట్ అన్నదీ అంతే. షోరూమ్‌వాళ్లు రొక్కం ఇస్తే 2,500 తగ్గిస్తామన్నారని, ఈఎంఐకి 600 ప్రాసెసింగ్ ఫీజు అడిగారని రాశారు. ఆ 3,100 వడ్డీ కాక మరేమిటి? ఏడాదికి 27 శాతం పైనే పడుతుంది. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది.

అవసరానికంటూ 14 వేలు పక్కన పెట్టాలన్న మీ ఆలోచన మంచిదే. కానీ అది నిలవదు. మీకు నెలకు మిగిలేది 6 వేలు. మొదటి మూడు నెలలు టీవీకి 4,000, యాప్‌కు 3,700 కలిపి నెలకు కట్టాల్సింది 7,700. ఆ లోటుకు 5,100, ప్రాసెసింగ్ ఫీజు 600, ముందు కట్టే సొమ్ములో తక్కువపడే 800 కలిపితే 6,500 ఆ 14 వేల నుంచే పోతాయి. ఈలోగా అమ్మగారికి ఒంట్లో బాగోలేక రాత్రికి రాత్రి పార్వతీపురం మీదుగా విశాఖ తీసుకెళ్లాల్సి వస్తే? కారు కిరాయి, అడ్వాన్సు, పరీక్షలు... వీటికి మళ్లీ యాప్ తెరుస్తారు. రెండో అప్పుతో మొదటి అప్పు తీర్చే దశ అక్కడే మొదలవుతుంది.

ఇక టీవీ. మీ ఇంట్లో బొమ్మ మసకగా ఉండటానికి కారణం బహుశా టీవీ కాదు, దానికి అందే సిగ్నల్. మామూలు ఎస్‌డీ (స్టాండర్డ్ డెఫినిషన్) చానల్లో ఒక్కో ఫ్రేముకు 720×576, అంటే దాదాపు 4 లక్షల చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. ఈ చుక్కల లెక్కే రిజల్యూషన్. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920×1080, సుమారు 21 లక్షలు. 4కెలో 3840×2160, సుమారు 83 లక్షలు. ఎస్‌డీ చానల్ పెడితే 4కె టీవీ వచ్చిన ఒక్కో చుక్కనూ ఇరవై చుక్కలకు సాగదీయాలి. తెర పెద్దదయ్యేకొద్దీ మసక ఇంకా బాగా కనిపిస్తుంది. షోరూమ్‌లో మీరు చూసింది 4కె కోసమే తీసిన డెమో వీడియో, అదీ మూడడుగుల దూరం నుంచి. ఇంట్లో కూర్చునే చోటు నుంచి తెర దాకా టేపుతో కొలవండి. మామూలు చూపున్నవారికి 43 అంగుళాల తెరపై ఐదున్నర అడుగులు, 55 అంగుళాల తెరపై ఏడడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పెద్దగా తెలియదు. 4కె సినిమాలు ఆన్‌లైన్‌లో చూడాలన్నా కనీసం 15 ఎంబీపీఎస్ నెట్ ఆగకుండా రావాలి.

ఈ రోజే ఒక పని చేయండి. టీవీ వెనక చూడండి. సెట్‌టాప్ బాక్సు నుంచి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు వస్తుంటే దాంట్లో ఎస్‌డీ బొమ్మ తప్ప రాదు. హెచ్‌డీ బాక్సు, హెచ్‌డీఎంఐ వైరు పెట్టించి, అమ్మగారు చూసే రెండు మూడు చానళ్లు హెచ్‌డీలో తీసుకోండి. పాత టీవీయే చాలావరకు తేటపడుతుంది.

నెలనెలా మిగిలే 6 వేలల్లో 4,500 అత్యవసర నిధికి, 1,500 టీవీకి వేరు చేయండి. రెండూ బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేసుకోవచ్చు. నిధి కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 66 వేలు అయ్యేదాకా అందులోంచి టీవీకి రూపాయి తీయకండి. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చుకు, 1,32,000కు పెంచండి. పద్నాలుగు నెలల్లో 43 అంగుళాల టీవీ రొక్కానికే వస్తుంది, తగ్గింపు కూడా అడగొచ్చు. టీవీ కోసం చీటీ ముందే పాడుకోవద్దు. పన్ను తక్కువని సరిహద్దు దాటనక్కర్లేదు. 32 అంగుళాలు మించిన టీవీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అటైనా ఇటైనా ఒకటే.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ ఆ రాష్ట్ర కుటుంబాలకే. మీకు ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు గానీ, కంపెనీ పాలసీ గానీ ఉంటే, అది విశాఖలో ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ పేర్లు రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి.