ప్రయాణ సందేహాలు: ఓడ దిగే ముందు రెండు రోజులు

ప్రశ్న: వచ్చే ఆగస్టుకు మా పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి నుంచి బయలుదేరే ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్‌కు మా ఇద్దరికీ టికెట్లు తీశాడు. ఆరో రోజు అలాస్కాలోని కెచికాన్ రేవు, ఏడో రోజు రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా కెనడాలోని విక్టోరియా, మర్నాడు ఉదయం సియాటిల్ అని కాగితంలో ఉంది. నాలుగు గంటల కోసం కెనడా వీసా తీసుకోవాలా? ఓడ దిగకుండా కూర్చుంటే సరిపోదా? పెళ్లిరోజు సరిగ్గా ఆ ఏడో రోజే పడింది కనుక ఆ రాత్రే కేకు కోయించాలని అబ్బాయి పట్టుదల.
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: వీసా తీసుకోవలసిందేనమ్మా. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారి దగ్గర కెనడా వీసా ఉందో లేదో సియాటిల్ రేవులో ఓడ ఎక్కేటప్పుడే చూస్తారు. అది లేకపోతే మీ ప్రయాణం ఆ గట్టు మీదే ఆగిపోతుంది. విక్టోరియా నుంచి తిరిగి రావడమంటే లెక్క ప్రకారం అమెరికాలో రెండోసారి అడుగుపెట్టడమే కాబట్టి, మీ అమెరికా వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. అబ్బాయి కూడా వస్తున్నట్లయితే, అతనికి గ్రీన్‌కార్డు ఉంటే కెనడా వీసా అక్కరలేదు, హెచ్‌-1బి మీద ఉంటే మాత్రం మీతోపాటే దరఖాస్తు చేసుకోవాలి.

అలాస్కాకు పోయే ఓడ విక్టోరియాకు ఎందుకు వెళ్లాలన్నది మీ అసలు అనుమానమనుకుంటాను. విదేశీ జెండాతో తిరిగే ఓడ మధ్యలో ఒక్క విదేశీ రేవునైనా తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని ఆ దేశం 1886లో చట్టం చేసింది. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల్లో నమోదైనవే కనుక, సియాటిల్‌లో ఎక్కించినవారిని మళ్లీ సియాటిల్‌లో దించాలంటే దారిలో కెనడా గడప తొక్కక తప్పదు. కోవిడ్ కాలంలో కెనడా తన రేవులు మూసేసినప్పుడు, 2021లో అమెరికా ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం తెచ్చి ఆ ఏటికి అలాస్కా ఓడలను గట్టెక్కించింది. విక్టోరియాను కొందరు మొక్కుబడి మజిలీ అని తీసిపారేస్తారు గానీ ఆ మాటతో నేను ఏకీభవించను. ఓడ ఆగే చోటు నుంచి ఊరి మధ్యనున్న లోపలి రేవు సుమారు రెండు కిలోమీటర్లు. నడవగలిగితే నడవండి, లేకపోతే బస్సులుంటాయి. ఆ నీటి ఒడ్డునే 1908లో తెరిచిన ఎంప్రెస్ హోటలు, దాని పక్కన చీకటి పడగానే మూడు వేలకు పైగా బల్బులతో వెలిగే శాసనసభ భవనం కనిపిస్తాయి. రెండింటికీ నమూనా గీసిన వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ రాటెన్‌బరీ ఒక్కడే. పాత సున్నపురాయి గనిలో పెంచిన బుచార్ట్ తోటలు ఎంత అందమైనవైనా ఊరికి ఇరవై కిలోమీటర్ల పైన ఉన్నాయి. ఆగస్టులో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, పైగా మీ నాలుగు గంటల్లో సగం బస్సుకే పోతుంది.

ఇక కేకు సంగతి. ఆ రాత్రి మాత్రం వద్దు. సగం మంది ఊళ్లోకి దిగిపోతారు, మిగిలినవారు పెట్టెలు సర్దుకుంటారు, భోజనశాలలో వడ్డించేవారికి క్షణం తీరిక ఉండదు. పగలంతా ఓడ సముద్రంలోనే ఉంటుంది కాబట్టి మధ్యాహ్న భోజనం దగ్గర పెట్టుకోండి, ఆ మాట ఎక్కిన రోజే భోజనశాలలో చెప్పి ఉంచండి. కెచికాన్ దాటాక ఓడ దీవుల చాటు వదిలి పసిఫిక్ మహాసముద్రంలోకి వస్తుంది గనుక అప్పుడు ఊపు ఎక్కువగా ఉండవచ్చు. కడుపులో తిప్పేవారు ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో కూర్చుంటే ఊపు తక్కువగా తెలుస్తుంది. మాత్ర ఏది వేసుకోవాలో ఇక్కడే మీ డాక్టరును అడిగి వెంట తీసుకువెళ్లండి. అలాస్కా గడియారం సియాటిల్ కంటే గంట వెనక నడుస్తుంది కనుక కెచికాన్ వదిలాక ఒక గంట ముందుకు జరుపుతారు. నడిసముద్రంలో ఫోను దానంతటదే మారకపోవచ్చు కాబట్టి ఓడలో ప్రకటించిన సమయాన్నే నమ్మండి.

ప్రశ్న: చివరి రాత్రే పెట్టెలన్నీ గది బయట పెట్టాలంటున్నారు. నిజమేనా?
– హైదరాబాదు పాఠకుడు

జవాబు: నిజమే. గదికి రంగురంగుల చీటీలు పంపుతారు; అవి కట్టిన పెట్టెలను రాత్రి పది, పదకొండు లోపల తలుపు బయట పెడితే, ఉదయం రేవులోని షెడ్డులో అదే రంగు వరుసలో దొరుకుతాయి. మా పాతికేళ్ల పెళ్లిరోజుకు ఇదే దారిలో వెళ్లినప్పుడు, మావారు ఎంతో శ్రద్ధగా తన బట్టలన్నీ మడిచి, పెట్టెకు ఆకుపచ్చ చీటీ కట్టి, పదింటికే బయట పెట్టి నిశ్చింతగా నిద్రపోయారు. తెల్లవారి చూసుకుంటే ఆయనకు మిగిలింది ఒంటి మీది నీలిగళ్ల లుంగీ, బనీను మాత్రమే. నా స్వెట్టరు పైన తొడుక్కుని, ఆ లుంగీతోనే సియాటిల్‌లో పాస్‌పోర్టు అధికారి ముందు నిలబడ్డారు. ఆ అధికారి పైనుంచి కిందకు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా పంపించేశాడు. కాబట్టి ఉదయం కట్టుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టు, కళ్లద్దాలు చేతిసంచిలో ఉంచుకోండి. మీ పెట్టె మీరే మోసుకోగలిగితే ఈ చీటీల గొడవే లేదు, అందరికంటే ముందే దిగవచ్చు. ఫలహారం బల్ల మీది అరటిపండో ఆపిలో సంచిలో వేసుకుని దిగకండి. బయటి నుంచి పండ్లు తేవడంపై అమెరికాలో ఆంక్షలు గట్టిగా ఉంటాయి.

ప్రశ్న: టికెట్టుకు డబ్బంతా కట్టాక చివరి రోజు మళ్లీ బిల్లు ఏమిటి?
– పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అందులో పెద్ద పద్దు సిబ్బందికిచ్చే టిప్పు. సాధారణ ఓడల్లో తలకు రోజుకు పదహారు నుంచి ఇరవై డాలర్ల వరకు మీ ఖాతాలో వాళ్లే రాసేస్తారు కనుక, దంపతులకు ఏడు రోజులకు రమారమి 224 నుంచి 280 డాలర్లవుతుంది. దీన్ని తీసేయించడానికి కౌంటరు దగ్గర వరుస కట్టేవారిని నేను చూశాను. వారం రోజులు మన పక్కలు సర్ది, తువ్వాలుతో ఏనుగుబొమ్మ చేసిపెట్టిన మనిషి వాటాను కోయడం నాకు నచ్చదు. మిగతా పద్దులను మాత్రం ఏడో రోజు పగలే తెప్పించుకుని ఒక్కొక్కటీ చూడండి. తాగని పానీయం, కొనని ఫొటో అందులో కనిపిస్తే అప్పుడే చెప్పాలి, దిగేనాటి ఉదయం ఆ కౌంటరు ముందు నిలబడే చోటు కూడా ఉండదు. ఖాతాకు డెబిట్ కార్డు ఇవ్వకండి. ముందుజాగ్రత్తగా వాళ్లు అట్టిపెట్టిన మొత్తం దిగిన తరువాత కూడా కొన్నాళ్లు మీరు వాడుకోవడానికి వీల్లేకుండా బ్యాంకులోనే ఆగిపోతుంది.

ప్రశ్న: దిగిన రోజే ఉదయం పదింటి విమానం పట్టుకోవచ్చా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. ఓడ ఏడింటికి కట్టినా తనిఖీలు, పెట్టెలు, టాక్సీ వరుస ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు దాటిన విమానం చూసుకోండి. సియాటిల్‌లో క్రూయిజ్ ఓడలు ఆగే రేవులు రెండు, 66, 91 అని. తీసుకువెళ్లడానికి వచ్చే బంధువులకు మీది ఏదో ముందే చెప్పండి.