నాగసాకి దగ్గర అన్ని దీవులు ఎందుకున్నాయి? బాంబు మ్యూజియం కాకుండా చూడ్డానికి ఏమైనా ఉందా?

ఉందండీ, చాలా ఉంది. నేను ఫుకువోకాలో జాబ్ చేస్తున్నా, నాగసాకి పక్కనే కాబట్టి లీవ్ దొరికితే అటే పోతుంటా. 1945 ఆగస్టు 9 గురించిన మ్యూజియం తప్పకుండా చూడండి, కానీ అదొక్కటి చూసి సాయంత్రం ట్రైన్ ఎక్కేస్తే సగం నాగసాకి చూడనట్టే.

ముందు దీవుల సంగతి. అక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి, మంచుయుగం అయిపోయి సముద్రమట్టం పెరిగినప్పుడు లోయల్లోకి నీళ్లొచ్చేసి కొండల పైభాగాలు చాలావరకు దీవులుగా మిగిలిపోయాయి. 2023లో జపాన్ వాళ్లు మళ్లీ లెక్కపెడితే ఒక్క నాగసాకి ప్రిఫెక్చర్‌లోనే (మన రాష్ట్రం లాంటిది) 1,479 దీవులు తేలాయి, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. అదే ప్రిఫెక్చర్‌లోని ససెబో ఊళ్లో టెంకైహో కొండెక్కి చూడండి, 208 దీవుల గుంపు కుజూకుషిమా కనిపిస్తుంది, సూర్యాస్తమయం టైమ్‌కి వెళ్తే ఇంకా బావుంటుంది.

బయటి ప్రపంచం జపాన్‌లోకి వచ్చిందీ ఈ దీవుల మీదుగానే. త్సుషిమా దీవి నుంచి కొరియా సుమారు 50 కిలోమీటర్లే, 1274లో మంగోల్ సైన్యం ముందు త్సుషిమా మీదే పడింది. 1609లో డచ్చివాళ్లు హిరాడో దీవిలో వ్యాపారం మొదలుపెట్టారు, 1641లో వాళ్లని నాగసాకి రేవులో మనుషులు కట్టిన చిన్న దీవి దేజిమాకి మార్చి అక్కడే కట్టడి చేశారు. ఈ డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీకి 1605 నుంచే మన మచిలీపట్నంలో కోఠీ (వ్యాపార కేంద్రం) ఉంది, కోరమాండల్ అద్దకం బట్టలు వీళ్ల ఓడల్లో జపాన్ దాకా వెళ్లేవి, దేజిమాలో నిలబడి అది తల్చుకుంటే నాకైతే ఒళ్లు పులకరించింది.

కానీ మనసులో నిలిచిపోయేది మాత్రం నాగసాకికి పడమర సముద్రంలో ఉన్న గోటో దీవులే. 1614లో క్రైస్తవాన్ని దేశమంతా నిషేధించారు, దొరికితే చంపేసేవాళ్లు. 1797 నుంచి నాగసాకి దగ్గరి ఒమురా వైపు రైతుల్ని గోటోకి పంపితే వాళ్లలో చాలామంది రహస్య క్రైస్తవులే, మంచి భూములు అప్పటికే వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి కాబట్టి వీళ్లకి దక్కింది నిట్టనిలువు కొండవాలు, ఎవరూ రాని సముద్రపు మూలలు, దాక్కోడానికి అవే పనికొచ్చాయి. పైకి బౌద్ధులు, ఇంట్లో బౌద్ధుల కరుణాదేవత కన్నోన్ బొమ్మనే మరియమ్మగా కొలుచుకుంటూ, ఫాదర్ అనేవాడే లేకుండా తరాలు గడిపారు. 1868లో గోటోలోనే హిసాకా దీవిలో సుమారు 200 మంది క్రైస్తవుల్ని ఒక చిన్న ఇంట్లో నెలల తరబడి కుక్కేశారు, పిల్లలతో సహా దాదాపు 40 మంది చనిపోయారు. 1873లో గానీ నిషేధం పోలేదు. ఇప్పుడు ఆ మూలల్లోనే చర్చిలున్నాయి, ఫుకుయే దీవిలో ఎర్ర ఇటుకల దోజాకి చర్చి లోపల మ్యూజియం ఉంది, వాళ్లు దాచుకున్న వస్తువులు చూసి నేను చాలాసేపు బయటికి రాలేకపోయా.

వెళ్లేవాళ్లకి: ఫుకువోకాలోని హకాతా రేవులో రాత్రి ఫెర్రీ ఎక్కితే పొద్దున్నే ఫుకుయేలో దిగొచ్చు, దిగాక కారు అద్దెకి తీసుకోండి, బస్సులు తక్కువ. గోటో ఉడాన్ (గోధుమ నూడుల్స్) చాలా బావుంటుంది కానీ పులుసు ఎండబెట్టిన చేపలతో కాస్తారు, శాకాహారులు ముందే అడగండి. ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న చర్చిలకి ముందుగా చెప్పి వెళ్లాలి, లోపల ఫోటోలు తియ్యనివ్వరు. గాలి ఎక్కువైతే ఫెర్రీలు క్యాన్సిల్ చేస్తారు, తిరుగు ఫ్లైట్‌కి ముందు ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.