జింకల వేటకి వచ్చేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవాలా? లానోలో మా అనుభవం

మీ ప్రశ్న: "టెక్సాస్‌లో లానో దగ్గర 40 ఎకరాలు కొన్నాం. సీజన్‌లో జింకల వేటకి రానివ్వమని ముగ్గురు నలుగురు అడుగుతున్నారు. డబ్బులు తీసుకుంటే బాగుంటుందా, ఊరికే రానివ్వాలా?"

తీసుకోండి. నేను మొదటి ఏడాది తీసుకోలేదు, అందుకే చెప్తున్నా.

అదే కౌంటీలో నాకూ మా తోడల్లుడికీ కలిపి 62 ఎకరాలుంది. ఆఫీసులో తెలిసినతను అడిగితే మొహమాటానికి సరే అన్నాను. (మొహమాటానికి పోతే ఏమైందో సామెత మీకు తెలిసిందే, ఇక్కడ రాయను.) నవంబరు మొదటి శనివారం సీజన్ మొదలైంది. ఒక్కణ్నే వస్తానన్నవాడు ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. పెద్ద ఓక్ చెట్టుకి మేకులు కొట్టి మంచె కట్టారు. రెండో వారం రాత్రి గేటు వేయకుండా వెళ్లిపోయారు.

మా భూమిలో పక్కాయన ఆవులు మేస్తాయి. వాటి వల్లే మాకు వ్యవసాయ భూమి లెక్కన తక్కువ పన్ను పడుతుంది. తెల్లవారుజామున ఐదింటికి ఆయన ఫోన్, పదకొండు ఆవులు రోడ్డు మీద ఉన్నాయని. ఆస్టిన్ నుంచి గంటన్నర దారి. ఏ ట్రక్కు వాటిని గుద్దుతుందో, ఎవరికి ఏమవుతుందో అని దారంతా టెన్షన్. అదృష్టం, ఏమీ కాలేదు. కానీ ఆ అబ్బాయిని గట్టిగా ఒక మాట అనలేకపోయాను. ఎంతమంది రావాలి, గేటు సంగతేంటి అని నేను ముందు చెప్పింది ఏముంది గనక? ఆవుల్ని లోపలికి తోలుతూ పక్కాయన ఒకటే అన్నాడు, కాగితం రాసుకుని చెక్కు తీసుకో అని.

మరుసటి ఏడాది నుంచి అలాగే చేస్తున్నాం. ఎకరానికి 15 డాలర్లు, అంటే సీజన్‌కి 930. ఒకే కుటుంబం, ఇద్దరికి మించి తుపాకులతో రాకూడదు. ఆవులున్న వైపు కాల్చకూడదు, చెట్లకి మేకులు కొట్టకూడదు, సీజన్ అయ్యాక మంచె తీసుకెళ్లాలి. గేటు తెరిచి కనిపిస్తే కౌలు రద్దు. చెక్కు ఇచ్చిన రోజునే కౌలుకి తీసుకున్నాయన గేటు గొళ్లెం బాగోలేదని తనే కొత్తది తెచ్చి బిగించాడు.

ఇక్కడ ఇది మర్యాద తక్కువ పనేం కాదు. టెక్సాస్‌లో 95 శాతం పైగా భూమి ప్రైవేటుదే, డబ్బు కట్టి వేటాడటం ఇక్కడివాళ్లకి అలవాటే. మోంటానాలో అయితే ప్రభుత్వమే భూమి యజమానులకి ఎంతో కొంత ఇచ్చి, వేటగాళ్లని ఉచితంగా రానిచ్చే ఏర్పాటు చేస్తుంది. అది వేరే కథ. ఇంకోటి, మనం జింకల్ని అమ్మట్లేదు. జింక రాష్ట్రానిది. మనం ఇచ్చేది గేటు దాటి లోపలికొచ్చే హక్కు మాత్రమే.

చట్టం సంగతి కొంచెం చూసుకోండి. డబ్బే కాదు, విలువున్నది ఏది తీసుకున్నా రాష్ట్ర ప్రభుత్వ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర హంటింగ్ లీజ్ లైసెన్స్ (వేటకి భూమి కౌలుకిచ్చే అనుమతి) కొనాలి. 500 ఎకరాల లోపు అయితే నేను కట్టింది 79 డాలర్లు. ఎవరికైనా దెబ్బ తగిలి కేసు వేస్తారేమో అన్న భయం నాకూ ఉండేది. ఉచితంగా రానిస్తే చట్టం మనకి కొంత రక్షణ ఇస్తుంది. వ్యవసాయ భూమికి డబ్బు తీసుకున్నా, ఏడాదికి వసూలు చేసింది ఆస్తి పన్నుకి 20 రెట్లు దాటకపోతే ఆ రక్షణ పోదు. మా పన్ను సుమారు 160 డాలర్లు, 20 రెట్లంటే 3,200. మన 930 ఎక్కడ, అది ఎక్కడ! అయినా లాయరుకి ఒకసారి కాగితం చూపించాను, వేటకొచ్చేవాళ్లచేత ఇన్సూరెన్స్ కూడా తీయించాను. ఇందులో పిసినారితనం పనికిరాదు.

మా నాన్న మార్కాపురం దగ్గర రైతు. ఇక్కడికొచ్చి మెస్కీట్ చెట్లు చూసి "ఇదేందిరా, మన సర్కారు తుమ్మ ఇక్కడ గూడా ఉందే" అన్నాడు. కౌలు సంగతి వినగానే మొహం మాడ్చాడు. జింకల్ని చంపేవాళ్ల సొమ్ము మనకెందుకురా అని. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. వాళ్లు తినడానికే చంపుతారు, పారేయరు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మా ఆవిడ కూడా వాళ్లిచ్చిన జింక మాంసం ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తుంది, ముందే మాట్లాడుకోండి. మనసొప్పకపోతే ఎవరినీ రానివ్వకండి, అంతేగానీ ఊరికే రానిచ్చినంత మాత్రాన ఆ పాపం తగ్గదు.

అడవి పందుల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాన్న మాట మార్చాడు. ఊళ్లో ఒక్క రాత్రిలో వేరుశనగ చేను దున్నేసిన పందుల్ని చూసినవాడు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అనుమతి లేకుండా వాటి మీద చెయ్యి వేయలేం. ఇక్కడ ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే చాలు, 2019 నుంచి పందుల వేటకి లైసెన్స్ కూడా అక్కర్లేదు. వాటికోసం వచ్చేవాళ్ల దగ్గర నేను పైసా తీసుకోను. "ఎదురు నువ్వే డబ్బులియ్యి" అన్నాడు నాన్న.