థెరపిస్టుకు మందుల సంగతి ఎంతవరకు తెలియాలి?

ప్రశ్న: సైకాలజీలో పీజీ చేస్తున్నాను. థెరపిస్టుగా స్థిరపడాలని ఉంది. మందులు రాసేది సైకియాట్రిస్టే కదా, మాకు సైకోఫార్మకాలజీ (మనసు మీద పనిచేసే మందుల శాస్త్రం) పేపర్ ఎందుకు? పాస్ మార్కులు తెచ్చుకుని వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. మందు రాయడం మీ పని కాదన్నది నిజమే. కానీ మీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒక మందు వాడుతుంటారు. వాళ్లలో కనిపించే మార్పు జబ్బు వల్లా, మందు వల్లా అన్న అనుమానం మీకు రావాలి.

ఒకరు హాలోపెరిడాల్ లాంటి యాంటీసైకోటిక్ (భ్రమలు, భ్రాంతులు తగ్గించే మందు) మొదలుపెట్టి కొద్ది రోజులే అయిందనుకోండి. కుదురుగా కూర్చోలేరు, కాళ్లు కదుపుతూనే ఉంటారు, లేచి అటూ ఇటూ తిరుగుతారు. టెన్షన్ అనుకుని మీరు రిలాక్సేషన్ నేర్పిస్తారు. అది అకతీసియా, అంటే మందు వల్ల కుదురుగా ఉండలేని స్థితి, అయితే డాక్టర్ మందులో మార్పు చేయాల్సి రావచ్చు. ఆ అవస్థ తట్టుకోలేక ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవారూ ఉంటారు కాబట్టి వచ్చే సెషన్ దాకా ఆగకూడదు, ఆ రోజే డాక్టర్‌కు తెలియాలి.

డిప్రెషన్, ఆందోళనకు ఇచ్చే సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు మీకు ఎక్కువగా ఎదురవుతాయి. మొదటి వారంలోనే వికారం, నిద్రలో తేడా, ఆందోళన మొదలు కావచ్చు. మేలు తెలియడానికి మాత్రం 2 నుంచి 6 వారాలు పడుతుంది. మందు పనిచేయడం లేదని విసుగొచ్చి మానేసేది ఈ మధ్యలోనే. తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలు, టీనేజర్ల విషయంలో హెచ్చరించింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు పొడిగించింది. లైంగిక ఇబ్బందులైతే అడిగితే తప్ప ఎవరూ నోరు విప్పరు. దంపతుల కౌన్సెలింగ్‌లో 'నా మీద ఇష్టం పోయింది' అన్న ఫిర్యాదు వెనుక ఒక్కోసారి ఉండేది ఈ మాత్రే!

బైపోలార్ జబ్బుకు (మూడ్ విపరీతంగా మారే జబ్బు) ఇచ్చే లిథియం వాడేవారికి వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు ఎక్కువైతే వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. రక్తంలో దాని మోతాదు కొంచెం పెరిగినా ప్రమాదమే. నొప్పికి వాడే ఐబుప్రోఫెన్ కూడా దాన్ని పెంచగలదు.

ఇంత తెలిశాక 'ఆ మందు మానేసి చూడండి' అనాలనిపిస్తుంది. ఆ మాట మాత్రం మీ నోట రాకూడదు. ఆందోళనకు ఇచ్చే అల్ప్రాజోలామ్ లాంటివి చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. క్లయింట్ అనుమతితో సైకియాట్రిస్టుకు నాలుగు వాక్యాలు రాయండి: ఏ మందు, ఎప్పుడు మొదలైంది, ఏం మారింది, మీరేం గమనించారు. ఇలా రాయడం వచ్చిన థెరపిస్టులు, నిజం చెప్పాలంటే, తక్కువే.

డోసులు బట్టీ పట్టక్కర్లేదు. మందుల వర్గాలు, ఒక్కోదానికి రెండు మూడు ముఖ్యమైన దుష్ప్రభావాలు పట్టుకోండి. ఇంటర్న్‌షిప్‌కు మాత్రం సైకియాట్రీ ఓపీ ఉన్న చోటే ప్రయత్నించండి. వీలైతే ఫాలోఅప్‌కు వచ్చేవాళ్లను చూసే రోజుల్లో అక్కడ కూర్చోనివ్వమని అడగండి.