కళ్లజోడు మార్చినా నాన్నగారికి ముఖాలు ఎందుకు కనపడటం లేదంటే

"నాన్నగారు నేల మీద పడ్డ పెన్ను తీస్తారు, ఎదురుగా ఉన్న నన్ను గుర్తుపట్టరు, నటిస్తున్నారా?" అని అడిగారు. నటన కాదండీ. డ్రై ఏఎండీ, అంటే వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో డ్రై రకం, ముదిరితే జరిగేది అచ్చంగా ఇదే. కంటి వెనక తెరలాంటి రెటీనా నడిమధ్య ఉండే మాక్యులాలో కణాలు మచ్చలు మచ్చలుగా చచ్చిపోతాయి. డాక్టరు రాసిన జియోగ్రాఫిక్ అట్రోఫీ అంటే అదే. పక్కచూపు మిగులుతుంది కాబట్టి ఇంట్లో తిరగగలరు, కానీ చూపు నిలిపిన చోటే ఖాళీ. అక్కడ కణాలే లేనప్పుడు ఎన్ని అద్దాలు మార్చినా లాభం లేదు.

మా అమ్మ నా చెవి వైపు చూస్తూ మాట్లాడేది. పట్టించుకోవట్లేదని చిన్నబుచ్చుకున్నాను. తీరా చూస్తే, అలా పక్కకు చూస్తేనే నా ముఖం కాస్త కనిపించేదట! చూపు బాగా తగ్గినవాళ్లకు సాయపడే లో విజన్ నిపుణులు దీన్నే పద్ధతిగా నేర్పిస్తారు. ముందు వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. చదివేటప్పుడు లైటు పేజీకి దగ్గరగా పెట్టండి. గదిలోకి వెళ్లగానే మీరెవరో చెప్పండి.

ఇంజెక్షన్ల సంగతి: 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెగ్‌సెటకోప్లాన్, అవసింకాప్టాడ్ పెగాల్ అనే మందులకు అనుమతిచ్చింది. అవి మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయంతే, పోయిన చూపును తేవు. పైగా జబ్బు వెట్ రకంగా, అంటే మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంగా, మారే ముప్పు కొంచెం పెరుగుతుంది. డాక్టరుతో వివరంగా మాట్లాడాకే నిర్ణయించుకోండి.

తలుపు అంచులాంటి తిన్నని గీతలు ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తున్నాయంటే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. వెట్ రకానికి మందుంది, ఆలస్యమే కొంప ముంచుతుంది.

లేని మనుషులో, పువ్వులో కనిపిస్తున్నాయని నాన్నగారు అంటే టెన్షన్ పడకండి. చూపు తగ్గిన చాలామందికి అలా అవుతుంది, చార్లెస్ బొనే సిండ్రోమ్ అంటారు. డాక్టరుకు ఓ మాట చెప్పండి చాలు.